ఒకటి అన్నప్పుడు

పదకొండు మంది పిల్లలు. నలభై రోజులు. రోజుకు ఒక గంట. మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్న లెక్క అంతే. గుణిస్తే నాలుగు వందల నలభై హాజర్లు. అందులో నాలుగు వందలు దక్కినా గట్టెక్కినట్టేనని నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకున్నాను.

ఆ పదకొండు మందీ మా పిల్లలు కాదు. గుట్ట కింది తాలీము నుంచి వచ్చినవాళ్ళు. మా ఊళ్ళో కర్రసాము నేర్పే తాలీములు రెండే. కోట వీధిలో మాది, గుట్ట కింద సుంకన్న వస్తాదుది. ఆయనకు మోకాళ్ళు పోయాయి. తాలీముకు తాళం వేసి గుత్తిలో కూతురింటికి వెళ్ళిపోతూ, తన పిల్లలను మా వస్తాదుకు అప్పజెప్పాడు.

మా వస్తాదు పేరు దస్తగిరి. డెబ్బై దాటాయి. నేను ఆయన దగ్గర చేరి తొమ్మిదేళ్ళు. పగలు పత్తి మార్కెట్లో కాటా దగ్గర తూకాలు రాస్తాను, సాయంత్రం తాలీముకు వస్తాను. ఎప్పటికైనా ఒక తరగతి నాదని చెప్పుకునేలా నడపాలని నా ఆశ. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. ఆయనకు తెలుసు.

పిల్లలు వచ్చిన రోజున నన్ను పక్కకు పిలిచారు.

"దర్గా ఉరుసుకు నలభై దినాలుంది అబ్బీ. ఊరేగింపులో ఈ పదకొండు మందీ మన వరుసలో కర్ర తిప్పుతా నడవాల. సుంకన్నకు మాటిచ్చినా. నువ్వు నడిపించినావంటే ఈ సాయంత్రం తరగతి ఇంక నీది."

"నడవకపోతే వస్తాదయ్యా?"

"నేనే చూసుకుంటా. ఎప్పటి మాదిరే."

నలభై రోజులు చాలా ఎక్కువని నాకు అనిపించింది. ఇరవై ఐదులో ముగించేస్తానని మనసులో అనుకున్నాను.

మొదటి సాయంత్రం వాళ్ళు ఎర్రమట్టి నేల మీద బస్సు కోసం నిలబడినట్టు నిలబడ్డారు. అందరిలో పెద్దవాడు వీరేష్, పద్నాలుగేళ్ళు. చిన్నది రజియా, పదేళ్ళు. కర్ర దాని కంటే జానెడు పొడుగు.

మా సాములో కదలికలన్నీ వరుసలుగా ఉంటాయి, ఒక్కో వరుసకు ఎనిమిది లెక్కలు. నేను ఒకటి అనగానే కర్ర లేవాలి, కాలు కదలాలి. ఎనిమిది అనేసరికి కర్ర కొన నేలకు తగిలి, అందరిదీ కలిపి ఒకే చప్పుడు రావాలి. మా పిల్లలు పద్నాలుగు మంది. వాళ్ళకది అలవాటే.

నేను ఒకటి అన్నాను. మా పిల్లల కర్రలు లేచాయి. గుట్ట కింది పిల్లలు ఊరికే నిలబడ్డారు. రెండు అన్నాక కదిలారు. ఎనిమిది దగ్గర మావాళ్ళ కర్రలు ఒక్కసారి టక్కుమన్నాయి. ఒక లెక్క ఆగి, వాళ్ళవి.

మొదటి రోజు కదా అనుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు లెక్క నెమ్మదిగా చెప్పాను. నాలుగో రోజు వేగంగా చెప్పాను. ఎలా చెప్పినా వాళ్ళు సరిగ్గా ఒక లెక్క వెనక. పదకొండు మందీ. అంత కచ్చితంగా బద్ధకించేవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు.

మా పిల్లలు ఊరుకుంటారా. గుట్ట కింద గడియారాలన్నీ ఒక నిమిషం వెనక నడుస్తాయంట అని ఒకడు మొదలుపెట్టాడు. వీరేష్ వాడి వంక చూడనైనా చూడలేదు.

"మీ గడియారం ముందుకురికి యాడ పడుతుందో చూస్తాంలే," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను మాత్రం వీరేష్‌నే మందలించాను.

రెండో వారం ఒక ఉపాయం చేశాను. సరైన లెక్కకు వరుస ముగిస్తే ఒక బుడ్డల చిక్కీ. వారం తిరిగేసరికి మా పద్నాలుగు మందికి అరవై ఒక్క చిక్కీలు వచ్చాయి. వాళ్ళకు రెండు. ఆ రెండూ రజియా గెలిచింది, పక్కనున్న మా పిల్లాడిని చూసి వాడితో పాటు కదిలినందుకు. అందరి ముందూ పిలిచి చేతిలో పెట్టాను. ఒకటి నమిలింది. రెండోది గోడవతల కట్టేసి ఉన్న మేకకు పెట్టింది.

ఎనిమిదో రోజు నుంచే ఇద్దరు రావడం మానేశారు. పదిహేనో రోజుకు మిగిలింది ఆరుగురు. ఒకడికి ట్యూషన్ అన్నారు, ఒకడికి కడుపునొప్పి అన్నారు, ఒకమ్మాయి ఊరికెళ్ళింది అన్నారు. ఆ అమ్మాయిని నేను ఆ సాయంత్రమే మార్కెట్ దగ్గర చూశాను. నన్ను చూసి బండి చాటుకు తప్పుకుంది.

నోటుబుక్కులో సగటు తీశాను. ఇరవై రెండు రోజులకు నూట ఎనభై ఎనిమిది హాజర్లు, అంటే నూటికి డెబ్బై ఏడు. చూడ్డానికి బాగానే ఉంది. సగటు అబద్ధం చెప్పదు కానీ, ఆరుగురు మాత్రమే నిలబడి ఉన్న నేలను చూపించదు.

ఆ ఇరవై రెండో రోజు తరగతి అయ్యాక వీరేష్ నా దగ్గరకు వచ్చాడు. వాడి మొహంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"రేపొక్క దినం వస్తామన్నా. ఎల్లుండి నుంచి రాం."

ఎందుకని అడిగాను.

"మాకు రాదు కదన్నా. మీరు దినామూ చెప్తానే ఉండారు. మేం గూడా లెక్కబెట్టుకున్నాం."

వాడి వెనక ఐదుగురూ కర్రలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. రజియా కాలి బొటనవేలితో మట్టి గీకుతోంది. నేను నోటుబుక్కు మూశాను. ఏమంటే ఏ లెక్క మారుతుందో నాకు తోచలేదు.

వాళ్ళు వెళ్ళాక వస్తాదు దగ్గరకు వెళ్ళాను. అరుగు మీద కూర్చుని కర్రలకు నువ్వులనూనె రాస్తున్నారు. నేను ఆలోచించి పెట్టుకున్నది చెప్పాను. ఈ పిల్లలకు ఇష్టం లేదు. ఇష్టం లేనివాళ్ళ మీద ఇంకో పద్దెనిమిది రోజులు పెట్టడం దండగ. మా వీధిలోనే చేరతామని అడుగుతున్న పిల్లలు పన్నెండు మంది ఉన్నారు. కొత్తవాడికి రెండు వరుసలు రావడానికి పదిహేను రోజులు చాలు. ఇంకా మూడు రోజులు మిగులుతాయి. ఊరేగింపులో పదకొండు మంది నడవడం ముఖ్యం. ఏ పదకొండు మందో ఎవరు చూడొచ్చారు?

వస్తాదు నూనెగుడ్డ పక్కన పెట్టారు.

"సుంకన్న చూడొచ్చినాడనుకో," అన్నారు.

నేను తల దించుకున్నాను.

"రేపు నేనొచ్చి కూచుంటా. నువ్వు ఎప్పటి మాదిరే చెప్పు."

ఇరవై మూడో రోజు ఆయన గోడ పక్కన రాతి మీద కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే ఒకటి అన్నాను. మావాళ్ళు కదిలారు. వాళ్ళు కదల్లేదు. రెండు అన్నాను. వాళ్ళు కదిలారు. ఎనిమిది అయ్యాక నేను వస్తాదు వైపు చూశాను. చూశారుగా, అన్నట్టు.

"మళ్ళీ చెప్పు," అన్నారు.

మళ్ళీ చెప్పాను. ఆయన మా పిల్లలను చూడటం లేదు. ఆరుగురినీ, అందులోనూ వాళ్ళ కళ్ళనే చూస్తున్నారు.

"ఇంకొక మారు."

మూడోసారి అయ్యాక మోకాలి మీద చెయ్యి ఆనించి లేచారు. మావాళ్ళను పక్కకు జరగమన్నారు. రజియాను పిలిచి మధ్యలో నిలబెట్టారు. దాని ఎదురుగా నన్ను నిలబడమన్నారు.

"లెక్క నేను చెప్తా. నువ్వు ఈ పాపను కొట్టు. తల మీద దెబ్బ. పాప కాచుకుంటుంది."

తల మీద దెబ్బ ఇలా ఉంటుంది: ఒకటికి కర్ర లేస్తుంది, రెండుకు దిగుతుంది. మా తాలీములో అయితే నా కర్ర లేవడంతోనే ఎదుటివాడి కర్ర అడ్డంగా లేవాలి. మాకు మొదటి రోజు నేర్పేది అదే.

ఆయన ఒకటి అన్నారు. నా కర్ర లేచింది. రజియా కర్ర లేవలేదు. ఈ పిల్లకు తగులుతుందేమోనని భయపడి చెయ్యి సగానికే ఆపుకోబోయాను. ఆలోపే రెండు అన్నారు. నా కర్ర దిగిన చోట పిల్ల లేదు. పక్కకు ఒక అడుగు దూరంలో ఉంది. దాని కర్ర కొన నా మణికట్టు మీద ఉంది. గట్టిగా కాదు, పెన్సిల్ ఆనించినట్టు.

చిన్నపిల్ల కదా అని చెయ్యి ఆపానన్నాను.

"అట్లయితే ఈమారు ఆపొద్దు."

రెండోసారి కుడి భుజానికి కొట్టాను. ఆపలేదు. మళ్ళీ మణికట్టు మీదే వచ్చి ఆనింది.

నాకు చెవులు వేడెక్కాయి. మూడోసారి కుడికి ఎత్తి ఎడమకు తిప్పాను. అది దొంగదెబ్బ. ఈ తొమ్మిదేళ్ళలో మా తాలీములో దాన్ని తప్పించుకున్నవాళ్ళు నలుగురే. కర్ర కుడికి లేచినప్పుడు రజియా దాని వంక చూడనే లేదు. నా భుజం వంక చూస్తోంది. కర్ర ఎడమకు తిరిగి వచ్చేసరికి పిల్ల తన దారిన తాను తప్పుకుంది.

మూడింటికి మూడు. మా పిల్లల్లో ఒక్కడు కూడా నవ్వలేదు.

వస్తాదు నా దగ్గరకు వచ్చారు. నా చేతిలో కర్ర తీసుకోలేదు. రజియా చేతిలోది అడిగి తీసుకున్నారు. దాని చోట నిలబడ్డారు.

"ఇప్పుడు నన్ను కొట్టు. ఎవరన్నా లెక్క చెప్పండి."

వీరేష్ చెప్పాడు. ఒకటి అన్నాడు. నా కర్ర లేచింది. వస్తాదు కదల్లేదు. కదలకుండా ఉండటానికి ఆయన ఎంత పెనుగులాడుతున్నారో నాకు కనిపిస్తోంది. యాభై ఏళ్ళుగా ఒకటికి లేచిన చేతులవి, వణుకుతున్నాయి. రెండు అన్నాడు. ఆయన కదిలారు. కానీ ఆలస్యమైంది. నా కర్ర ఆయన భుజం మీద పడింది.

దస్తగిరి వస్తాదుకు దెబ్బ తగలడం ఆ నేల మీద ఎవరూ చూసి ఉండరు. నేను కర్ర వదిలేసి దగ్గరికి పరిగెత్తబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆరుగురి వైపు తిరిగారు.

"యాడ తప్పు పోయినా?"

ఆయన అలాగే నిలబడ్డారు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి రజియా నోరు విప్పింది.

"మీరు కర్ర దిక్కు చూసినారు వస్తాదయ్యా. కర్రను చూడకూడదు."

"మరి యాడ చూడాల తల్లీ?"

"భుజం. ఒకటికి భుజమే చూడాల. వేరే పని ఏం జేయకూడదు."

"ఊపిరి గూడా పట్టకూడదు," అన్నాడు ఇంకొకడు. "పట్టినారు మీరు. మేం చూసినాం."

"ఒకటికి కదిలినామంటే మా వస్తాదు ఆ వరుస అయిపోయేదాకా పక్కన కూచోబెడతాండె," అన్నాడు వీరేష్.

రెండోసారి కూడా ఆయనకు తగిలింది. ఈసారి మోచేతి మీద. నేను మెల్లగానే వేశాను. అయినా పిల్లలు ఆయనను వదల్లేదు. కాళ్ళు దగ్గరగా పెట్టుకున్నారని ఒకరు, దవడ బిగించారని ఒకరు. రజియా దగ్గరికి వెళ్ళి ఆయన మోకాలి వెనక చేత్తో తట్టి, ఇక్కడ వదులు చేయమంది. ఇరవై మూడు రోజుల్లో ఆ పిల్లలు మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆ పది నిమిషాల్లో మాట్లాడినన్ని కావు.

మూడోసారి వీరేష్ ఒకటి అన్నప్పుడు ఆయన చేతులు వణకలేదు. నా కర్ర గాలిని కొట్టింది.

ఆరుగురూ చప్పట్లు కొట్టారు. వస్తాదు రజియాకు కర్ర తిరిగిచ్చి, పెద్దవాళ్ళకు పెట్టినట్టు ఆ పిల్లకు సలాం పెట్టి, మళ్ళీ వెళ్ళి రాతి మీద కూర్చున్నారు.

నేను వీరేష్‌ను అడిగాను. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని.

"చెప్పినామన్నా. రెండో దినమే."

నేను నోటుబుక్కు తీసి రెండో రోజు పేజీ చూశాను. నా చేతిరాతలోనే ఉంది. 'లెక్కకు కదలడం లేదు. అడిగితే సాకులు చెబుతున్నారు. వినకూడదు.' కింద గీత కూడా గీసి ఉంది.

పిల్లలంతా వెళ్ళిపోయాక వస్తాదు పక్కన నేల మీద కూర్చున్నాను. భుజం నొప్పిగా ఉందా అని అడిగాను. లేదన్నారు. చెయ్యి మాత్రం భుజం మీదే ఉంది.

"ముప్పై ఏండ్ల కిందట ఇదే ఉరుసులో సుంకన్న ముందర నిలబడినా," అన్నారు. "ఏడు మార్లు కొట్టినా. ఏడు మార్లూ గాలే తగిలింది నా కర్రకు. ఊరంతా చూసింది."

"ఎట్లా చేస్తున్నావని ఆయన్ను అడగలేదా వస్తాదయ్యా?"

"ఎట్లడుగుతా అబ్బీ? అప్పటికే నన్ను గూడా వస్తాదు అంటాండ్రి."

ఆయన లేచి అరుగు వైపు నడిచారు. నేను తాలీము తలుపులు మూశాను.

ఇరవై నాలుగో రోజు ఐదున్నరకే వెళ్ళి తాలీము తలుపులు తీశాను. రామని చెప్పిన రోజు అది. మా పిల్లలు వచ్చారు. ఆరు అయింది. ఆరూ ఐదు అయింది. కర్రలు ఊరికే ఇటునుంచి అటు సర్దాను. గేటు చప్పుడైంది. వీరేష్, వాడి వెనక ఐదుగురు. వాళ్ళ వెనక ఇంకొక తల. మార్కెట్లో బండి చాటుకు తప్పుకున్న అమ్మాయి.

ఏడు.

ఎప్పుడూ నిలబడే చోట ఆ రోజు నిలబడలేదు. రజియాను అక్కడ నిలబెట్టి, లెక్క చెప్పమన్నాను. వెళ్ళి చివరి వరుసలో, వీరేష్ పక్కన కర్ర పట్టుకున్నాను. ఆ పిల్ల గొంతు సన్నం. అయినా చివరిదాకా వినిపించింది.

ఒకటి అంది. నేను కదిలాను.

"అన్నా, పక్కన కూచో," అన్నాడు వీరేష్.

కూర్చున్నాను. ఆ గంటలో రజియా నలభై సార్లు ఒకటి అంది. ముప్పై ఒక్కసార్లు కదిలాను. మావాళ్ళు నాకంటే నయం, సగటున ఇరవై ఆరు. చిక్కీ అడిగినవాడు ఒక్కడూ లేడు. గుట్ట కింది గడియారం అన్న పిల్లాడు తరగతి అయిపోయాక కూడా రజియా వెనకే తిరిగాడు, భుజం చూడటం ఎలాగో ఇంకోసారి చూపించమని. ఆ పిల్ల వాణ్ణి గోడ దగ్గర నిలబెట్టి, మేకను చూస్తూ ఊరికే ఉండమంది. మేక ఎటు దూకుతుందో ముందే చెప్పగలిగితే అప్పుడు రమ్మంది. వాడు నిజంగానే నిలబడ్డాడు.

మర్నాడు ఇరవై ఎనిమిది సార్లు కదిలాను. ఆ తర్వాత పంతొమ్మిది. ఒకటికీ రెండుకూ మధ్య అంత చోటు ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. కాటా దగ్గర కూడా, ముల్లు ఆగేదాకా బస్తా తూకం చెప్పకుండా ఉండటం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ అది ఊగుతుండగానే ఎంతో చెప్పేసేవాణ్ణి. ఎప్పుడూ దాదాపు సరిగ్గానే చెప్పేవాణ్ణి. దాదాపు.

ఇరవై తొమ్మిదో రోజుకు తొమ్మిది మంది అయ్యారు. మిగిలిన ఇద్దరి ఇళ్ళకూ నేనే వెళ్ళాను. ఒకడు నిజంగానే ట్యూషన్‌లో పడ్డాడు, వాళ్ళమ్మ నాకు టీ ఇచ్చి పంపింది. రెండోవాడు నా మొహం మీదే చెప్పాడు, తనకు క్రికెట్టే ఇష్టమని, సుంకన్న వస్తాదు ఉన్నప్పుడు కూడా అంతేనని. వాడి మాట నమ్మాను.

ఆ సాయంత్రం వస్తాదు దగ్గరకు వెళ్ళి లెక్క ఒప్పజెప్పాను.

"తొమ్మిది మంది వస్తాదయ్యా. ఆ ఇద్దరూ రారు. మాట ప్రకారం తరగతి నాది కాదు."

"మాట ప్రకారం కాదు," అన్నారు.

కాదని నేనే చెప్పి, కాదని ఆయన అంటే కష్టంగా ఎందుకుందో తెలియలేదు. తర్వాత, చెప్పాలని వచ్చిన రెండో మాట చెప్పాను. సుంకన్న వస్తాదు సాములో ఎనిమిది వరుసలున్నాయట. పిల్లలకు వచ్చింది ఐదే. మిగిలిన మూడూ నేర్పకముందే ఆయన తాళం వేసి గుత్తి వెళ్ళిపోయారు. ఆ మూడూ వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. తరగతి వద్దు, నాకు ఆదివారాలు కావాలి.

వస్తాదు నా మొహంలోకి చూశారు. తొందరపడలేదు.

"గుత్తి బస్సు ఎన్నింటికి?"

"ఐదూ యాభైకి."

"ఆడికి పోయి ఏమని చెప్పుకుంటావు?"

దానికి జవాబు సిద్ధంగానే ఉంది. కోట వీధి దస్తగిరి వస్తాదు శిష్యుణ్ణని, తొమ్మిదేళ్ళ సాధన ఉందని, మీ పిల్లలను ఇప్పుడు నేనే చూసుకుంటున్నానని.

ఆయన అడ్డంగా తల ఊపారు.

"పేరు చెప్పు. చాలు."

లేవబోతుంటే ఆపారు. ఆదివారం సాయంత్రం తిరిగి రావడం ఆలస్యమైతే కంగారు పడొద్దన్నారు. లెక్క ఆ పాప చెబుతుందని, నా చోటు ఖాళీగా ఉండకుండా చివరి వరుసలో తాను నిలబడతానని అన్నారు.

మర్నాడు ఆదివారం. బస్సు గుత్తి చేరేసరికి ఎండ ముదురుతోంది. అడ్రసు వీరేష్ చెప్పాడు: కోటకు పోయే దారిలో నీళ్ళ ట్యాంకు దాటి మూడో సందు, నీలిరంగు తలుపు. తలుపు తీసే ఉంది. లోపల మంచం మీద ఒక పెద్దాయన గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చున్నాడు. రెండు మోకాళ్ళకూ గుడ్డ చుట్టి ఉంది. ఎండలోంచి వచ్చిన నా కళ్ళకు ఆయన మొహం సరిగా కనిపించలేదు. ఆయనకు నేను కనిపిస్తూనే ఉన్నాను.

"ఎవరూ?"

"మునెప్పను," అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. చూస్తున్నాడు. నేనూ ఇంకేమీ చెప్పలేదు. ఒంగి, చెప్పులు గడప బయట విడిచాను.